గ్రహణాన్నీ పొగనూ నిందించే ముందు: పుట్టుక లోపాలకు భిలాయ్‌లో ఒక లెక్క కావాలి

పైపెదవి చీలికతో బిడ్డ పుడితే తెలుగులో దాన్ని ‘గ్రహణం మొర్రి’ అంటారు. ఈ పేరులోనే ఒక కారణం ఉంది. ఆ కారణం తప్పు. అయినా పేరు వినగానే ఇంట్లోవాళ్ల చూపు తల్లి మీదికి వెళుతుంది. గ్రహణం రోజున బయటికి వచ్చిందా, కత్తిపీట పట్టిందా, నిద్రపోయిందా అన్న ప్రశ్నలు మొదలవుతాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఉక్కు కర్మాగారం ఉద్యోగాలకు భిలాయ్ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు భాషతో పాటు ఈ మాటను కూడా వెంట తెచ్చుకున్నాయి.

భిలాయ్‌లో ఈ నిందకు మరొకటి తోడైంది. అది పొగ. సోవియట్ యూనియన్ సహకారంతో 1955లో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన ఈ ఊరిలో చిమ్నీలు కనిపించని వీధి తక్కువ. బిడ్డ ఏదైనా లోపంతో పుడితే పెద్దలు గ్రహణం అంటారు, చదువుకున్నవారు కాలుష్యం అంటారు. రెండో మాట మొదటిదానికంటే శాస్త్రీయంగా వినిపిస్తుంది. కానీ ఏ లోపం, ఎంతమందిలో, ఎప్పటి నుంచి అని అడిగితే రెండు వైపులా జవాబు ఉండదు. ఆ జవాబు కావాలంటే పుట్టుక లోపాలను రకాలుగా విడదీసి, ఏళ్ల తరబడి లెక్కపెట్టాలి. భిలాయ్ లాంటి ఊరు ఆ పని చేయగలదు, చేయాలి కూడా.

గ్రహణం ఎప్పుడూ ఎందుకు దొరుకుతుంది?

గ్రహణం ఒక నీడ మాత్రమే. సూర్యగ్రహణంలో చంద్రుడి నీడ భూమి మీద, చంద్రగ్రహణంలో భూమి నీడ చంద్రుడి మీద పడుతుంది. గర్భంలోని శిశువును తాకే కొత్త కిరణమేదీ ఆ సమయంలో పుట్టదు. ఈ సంగతి చాలామందికి తెలుసు. అయినా నమ్మకం పోకపోవడానికి ఒక కారణం ఖగోళ లెక్కలోనే ఉంది.

ఏడాదికి కనీసం రెండు సూర్యగ్రహణాలు, ఉపఛాయ గ్రహణాలనూ కలుపుకొంటే కనీసం రెండు చంద్రగ్రహణాలు వస్తాయి. గ్రహణాలు ఏర్పడే కాలం సుమారు 173 రోజులకు ఒకసారి తిరిగి వస్తుంది. గర్భం సుమారు 270 రోజులు ఉంటుంది. అంటే ప్రతి గర్భిణి తొమ్మిది నెలల్లోనూ ఎక్కడో ఒక గ్రహణం తప్పకుండా పడుతుంది. అవన్నీ మన దేశంలో కనిపించకపోయినా వాటి వార్త వస్తుంది. బిడ్డ పుట్టాక వెనక్కి తిరిగి వెతికితే ఏదో ఒక గ్రహణం దొరకక మానదు. ఆరోగ్యంగా పుట్టిన బిడ్డ తల్లి విషయంలో మాత్రం ఎవరూ అలా వెతకరు.

పిండంలో పైపెదవి గర్భం నాలుగు నుంచి ఏడు వారాల మధ్య కలుస్తుంది. అంగిలి ఆరు నుంచి తొమ్మిది వారాల మధ్య మూసుకుంటుంది. ఐదో నెలలో వచ్చిన గ్రహణానికి పెదవిని చీల్చే అవకాశమే లేదు, ఎందుకంటే అది ఏర్పడటం అప్పటికే పూర్తయిపోయింది. ఏ అవయవం ఎప్పుడు ఏర్పడుతుందో తెలిస్తే చాలు, ఎన్నో నిందలు అక్కడే వీగిపోతాయి.

రకం తెలిస్తే ఏం మారుతుంది?

పుట్టుక లోపాలను వైద్యులు ముందుగా రెండు పెద్ద గుంపులు చేస్తారు. మొర్రి, గుండెలో రంధ్రం, వంకర పాదం, వెన్నెముక సరిగా మూసుకోకపోవడం లాంటివి నిర్మాణ లోపాలు. పుట్టుకతో చెవుడు, సికిల్ సెల్ వ్యాధి, జీవక్రియ లోపాలు లాంటివి పనితీరు లోపాలు. ఇవి పైకి కనిపించకపోవచ్చు. చికిత్స అవసరాన్ని బట్టి పెద్దవి, చిన్నవి అని మరో విభజన ఉంది.

లోపం ఎలా వచ్చిందన్న దాన్ని బట్టి చేసే విభజన అన్నింటికంటే ఉపయోగకరమైనది. 1982లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం ఈ పదాలకు స్పష్టమైన నిర్వచనాలు ఇచ్చింది. అవయవం మొదటి నుంచే సరిగా రూపొందకపోవడం ఒకటి. సరిగా రూపొందుతున్న అవయవం మధ్యలో దెబ్బతినడం రెండోది. ఉమ్మనీటి సంచి నుంచి విడివడిన పోగులు వేళ్లకు చుట్టుకొని అవి తెగిపోవడం దీనికి ఉదాహరణ. మామూలుగా ఏర్పడిన భాగం గర్భంలో చోటు చాలక, ఒత్తిడికి వంగిపోవడం మూడోది. కణజాలం అల్లికలోనే తేడా ఉండటం నాలుగోది.

ఇవి పుస్తకాల్లోని పేర్లు మాత్రమే కావు. తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ‘ఎందుకిలా?’ అయితే, రెండోది ‘మళ్లీ పుట్టే బిడ్డకూ ఇలాగే ఉంటుందా?’ ఈ రెండో ప్రశ్నకు జవాబు రకాన్ని బట్టి పూర్తిగా మారిపోతుంది. గర్భంలో ఒత్తిడి వల్ల వంగిన పాదం చాలాసార్లు సులువుగా సరవుతుంది. ఉమ్మనీటి పోగుల వల్ల తెగిన వేలు తర్వాతి కాన్పులో తిరిగి రావడం చాలా అరుదు. క్రోమోజోముల అమరికలో తేడా తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చిందైతే ముందుగానే పరీక్షలు చేయించుకోవాలి.

మొర్రినే తీసుకుందాం. మరే లోపమూ లేకుండా, కుటుంబంలో ఎవరికీ లేకుండా వచ్చిన మొర్రి అయితే తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం సుమారు 3 నుంచి 5 శాతం. అదే బిడ్డకు కింది పెదవి మీద రెండు చిన్న గుంటలు కూడా ఉంటే అది వాన్ డర్ వుడ్ సిండ్రోమ్ కావచ్చు. అది ఒక జన్యువులోని మార్పు వల్ల వస్తుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఆ మార్పు ఉంటే ప్రతి కాన్పులోనూ అది బిడ్డకు చేరే అవకాశం 50 శాతం. బయటికి రెండూ ఒకే మొర్రిలా కనిపిస్తాయి. ‘గ్రహణం మొర్రి’ అని కాగితం మూసేస్తే ఆ రెండు గుంటలను ఎవరూ చూడరు.

కారణాల లెక్క

పుట్టుక లోపాల్లో ఎన్నింటికి కారణం తెలుసు? అమెరికాలోని యూటా రాష్ట్రంలో 2005–2009 మధ్య జరిగిన 2,70,878 జననాలను పరిశీలించిన అధ్యయనం 2017లో వెలువడింది. అందులో 5,504 మంది పిల్లల్లో పెద్ద లోపాలు ఉన్నాయి. వారిలో ఐదో వంతు మందికి మాత్రమే కచ్చితమైన కారణం తేలింది. కారణం తేలినవారిలో దాదాపు 94 శాతం మందిలో క్రోమోజోములు లేదా జన్యువులే కారణం. మందులు, తల్లి జబ్బులు లాంటి బయటి కారణాలు 4 శాతం. ఆ 4 శాతంలోనూ ఎక్కువ భాగం గర్భానికి ముందే ఉండి, అదుపులో లేని మధుమేహానిదే.

మిగిలిన ఐదింట నాలుగు వంతులకు కారణం తెలియకపోవడం అంటే గ్రహణానికో పొగకో చోటు దొరికిందని కాదు. అనేక జన్యువులు, పోషణ, పరిసరాలు కొద్దికొద్దిగా కలిసి పనిచేసే సందర్భాలు వీటిలో చాలా ఉన్నాయి. ఒక్క కారణాన్ని వేలెత్తి చూపడం అక్కడ కుదరదు. తల్లిని వేలెత్తి చూపడం అసలే కుదరదు.

బయటి కారణాలు తక్కువ కాబట్టి వదిలేయవచ్చని కూడా కాదు. ఒకసారి గుర్తిస్తే వాటిని ఆపగలం. 1941లో ఆస్ట్రేలియా కంటి వైద్యుడు నార్మన్ గ్రెగ్, ఒకే కాలంలో పుట్టిన చాలామంది పసిపిల్లల్లో శుక్లాలు చూసి, వారి తల్లులకు గర్భం తొలి వారాల్లో రుబెల్లా వచ్చిందని గుర్తించాడు. ఈరోజు మన పిల్లలకు వేస్తున్న మీజిల్స్–రుబెల్లా టీకా వెనుక ఆ పరిశీలన ఉంది. 1957లో పశ్చిమ జర్మనీలో మార్కెట్లోకి వచ్చిన థాలిడోమైడ్ మాత్ర వల్ల సుమారు పది వేల మంది పిల్లలు చేతులు, కాళ్లు సరిగా ఎదగకుండా పుట్టారు. 1961 చివర్లో దాన్ని ఆపగలిగారంటే, ఆ అవయవ లోపం అంతకుముందు చాలా అరుదు కావడమే కారణం. జర్మనీలో విడుకింట్ లెంజ్, ఆస్ట్రేలియాలో విలియం మెక్‌బ్రైడ్ ఆ తేడాను పట్టుకున్నారు. అన్ని లోపాలనూ కలిపి ‘వైకల్యం’ అని ఒకే గడిలో రాసి ఉంటే, ఆ కొత్త పెరుగుదల మొత్తం లెక్కలో కలిసిపోయేది. ఆ విషాదం తర్వాతే, 1964లో, ఇంగ్లండ్, వేల్స్ పుట్టుక లోపాలను రకం వారీగా నమోదు చేసే ఏర్పాటు మొదలుపెట్టాయి.

ఛత్తీస్‌గఢ్ రక్తంలో ఉన్న ప్రశ్న

భిలాయ్ చుట్టుపక్కల పుట్టుక లోపాల గురించి మాట్లాడితే చిమ్నీల కంటే ముందు చూడాల్సింది సికిల్ సెల్ వ్యాధిని. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే ఈ జబ్బు పుట్టుకతోనే వస్తుంది. కానీ పుట్టిన రోజున బిడ్డ పూర్తి ఆరోగ్యంగా కనిపిస్తుంది. రాయ్‌పూర్ ప్రాంతంలో లక్షల మందికి జరిపిన పరీక్షల్లో పదిమందిలో దాదాపు ఒకరు ఈ జన్యువును మోస్తున్నట్టు తేలింది. ఇది ఆదివాసులకే పరిమితం కాదు. సాహు, కుర్మి లాంటి వ్యవసాయ కులాల్లోనూ గణనీయంగా ఉంది. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 40 ఏళ్లలోపు ఏడు కోట్ల మందిని పరీక్షించాలని పెట్టుకుంది. పరీక్ష, కార్డు, పెళ్లికి ముందు సలహా: మొత్తం విధానమంతా ఒక లోపాన్ని పేరు పెట్టి విడిగా లెక్కపెట్టడం మీదే నిలబడి ఉంది. ఈ పద్ధతి మిగతా లోపాలకూ ఎందుకు ఉండకూడదు?

తెలుగు కుటుంబాలకు మరో సంగతి వర్తిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో దాదాపు నలుగురిలో ఒకరిది రక్తసంబంధీకుల మధ్య పెళ్లి. మేనరికం ఒక్క తెలుగువారి అలవాటే కాదు, ఛత్తీస్‌గఢ్ గోండులలోనూ ఉంది. అయితే దీని గురించి భయపెట్టనవసరం లేదు. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లిలో బిడ్డకు తీవ్రమైన లోపం వచ్చే అవకాశం మామూలు కంటే సుమారు రెండు, మూడు శాతం పెరుగుతుంది. ఎక్కువ మంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. కుటుంబంలో ఇప్పటికే ఒక జన్యు వ్యాధి ఉంటే మాత్రం ఆ పెళ్లికి ముందు వైద్య సలహా తప్పనిసరి. ఆ వ్యాధి పేరు ఎక్కడా రాసి లేకపోతే సలహా ఇచ్చేవారు దేని గురించి చెప్పగలరు?

పట్టాకు ఉన్న నంబరు

భిలాయ్ దేశానికి రైలు పట్టాలు చేసి ఇచ్చే ఊరు. పట్టాలోని లోపాన్ని అల్ట్రాసౌండ్‌తో వెతుకుతారు. గర్భిణికి 18–20 వారాల మధ్య చేసే స్కానింగ్‌లోనూ వాడేది అదే భౌతికశాస్త్రం. పట్టా మీద అది ఏ హీట్‌లో కరిగిన ఉక్కో తెలిపే నంబరు ఉంటుంది. లోపల పగులు దొరికితే దాని రకాన్ని చూసి, నంబరు పట్టుకొని వెనక్కి వెళతారు. ఉక్కులో కరిగిన హైడ్రోజన్ ఎక్కువైతే ఒక రకం సన్నని పగుళ్లు వస్తాయని తెలిసింది కాబట్టే, శూన్యంలో ఆ వాయువును తీసేసే పద్ధతి వచ్చింది.

బిడ్డ పట్టా కాదు. లోపం ఉన్న పట్టాను పక్కన పడేస్తారు, బిడ్డను గుండెకు హత్తుకుంటారు. పోలిక ఒక్క విషయానికే సరిపోతుంది: రకం రాసి, వెనక్కి వెళ్లే దారి ఉంచుకుంటేనే కారణం దొరుకుతుంది. ఉక్కుకు ఆ శ్రద్ధ చూపే ఊరు, కాన్పుల విషయంలో అంతకు తక్కువ శ్రద్ధతో సరిపెట్టుకోకూడదు.

పొగ ప్రశ్నను తోసిపుచ్చడం కూడా తప్పే. కోక్ ఓవెన్ల వాయువుల్లో బెంజీన్, బహువలయ హైడ్రోకార్బన్లు ఉంటాయి. వాయు కాలుష్యానికీ శిశువుల గుండె లోపాలకూ సంబంధం గురించి వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాల్లో కొన్ని స్వల్ప సంబంధాన్ని చూపాయి, మరికొన్ని చూపలేదు. గర్భం తొలి వారాల్లో తీవ్రమైన జ్వరంతో శరీర ఉష్ణోగ్రత బాగా పెరగడానికీ, వెన్నెముక లోపాలకూ సంబంధం కనిపించింది. ఎర్రటి ఎండలో బరువులు మోసే కాంట్రాక్టు కూలీ స్త్రీలను ఇక్కడ రేజాలంటారు. వారి పని పరిస్థితులను దృష్టిలో పెట్టుకుంటే ఇది పట్టించుకోవాల్సిన విషయం.

కానీ ఈ లెక్కలో రెండు చిక్కులు ఉన్నాయి. మొదటిది తక్కువ సంఖ్యల చిక్కు. ఒక ఊరిలో ఏడాదికి మూడు వేల కాన్పులు జరుగుతాయనుకుందాం. వెయ్యికి ఒకటి చొప్పున వచ్చే లోపం సగటున మూడుసార్లు కనిపించాలి. ఏ కారణమూ లేకుండానే అది ఒక ఏడాది ఒకటి, మరో ఏడాది ఆరు కావచ్చు. ఆరు చూసి గగ్గోలు పెట్టడం, ఒకటి చూసి నిశ్చింతగా ఉండటం రెండూ పొరపాట్లే. జిల్లా మొత్తాన్ని కలిపి, ఐదారేళ్లు చూడాలి.

రెండోది పుట్టింటి చిక్కు. తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళుతుంది. గర్భం తొలి మూడు నెలలు భిలాయ్ సెక్టార్‌లో ఉన్న తల్లి, పురుడు శ్రీకాకుళంలో పోసుకుంటే బిడ్డ జననం అక్కడి లెక్కలో పడుతుంది. అవయవాలు ఏర్పడింది ఇక్కడ, నమోదైంది అక్కడ. కాబట్టి ఏ రిజిస్టరైనా ‘ఎక్కడ పుట్టింది’ అని మాత్రమే కాకుండా, ‘గర్భం తొలి మూడు నెలల్లో తల్లి ఎక్కడ ఉంది’ అని కూడా అడగాలి.

మాత్రల లెక్కలోనూ తేడా

కారణం తెలిసిన చోట కూడా మనం చేయాల్సింది పూర్తిగా చేయడం లేదు. వెన్నెముక, మెదడు లోపాల్లో చాలావాటిని ఫోలిక్ యాసిడ్ ఆపగలదు. ఒకసారి అలాంటి బిడ్డ పుట్టిన తల్లులకు రోజుకు 4 మిల్లీగ్రాములు ఇస్తే తిరిగి రావడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ అధ్యయనం తేల్చింది. మామూలుగా గర్భం కోరుకునే స్త్రీకి రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు. అంటే మొదటి బిడ్డ లోపం పేరు సరిగా రాసి ఉందా లేదా అన్న దాన్ని బట్టి తల్లి తీసుకోవాల్సిన మోతాదు పది రెట్లు మారుతుంది.

సమయం ఇంకా ముఖ్యం. పిండం ఏర్పడిన 28 రోజుల్లోపే వెన్నుపాము గొట్టం మూసుకుంటుంది. నెల తప్పిందని తెలిసి, ఆసుపత్రిలో పేరు రాయించుకునే సరికి ఆ గడువు దాటిపోతుంది. మాత్ర గర్భానికి ముందే మొదలవ్వాలి. ‘అనీమియా ముక్త్ భారత్’ కింద 20–49 ఏళ్ల స్త్రీలకు వారానికి ఒకసారి ఇచ్చే మాత్రలో 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంది. వారానికి ఒక్క మాత్రే ఇచ్చేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించేది 2,800 మైక్రోగ్రాములు. మన మాత్ర రక్తహీనత కోసం రూపొందించింది. వెన్నెముక లోపాలను ఆపడానికి అది చాలదు. ఫోర్టిఫైడ్ బియ్యంలో కిలోకు 75 నుంచి 125 మైక్రోగ్రాములు ఉండాలన్నది దేశ ప్రమాణం. రోజుకు 300 గ్రాముల బియ్యం వండుకుంటే అందేది 40 మైక్రోగ్రాముల లోపే. బియ్యాన్ని నమ్ముకొని మాత్రను మరిచిపోవడానికి వీల్లేదు.

భిలాయ్ ఏం చేయగలదు?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుక లోపాల్లో తొమ్మిదింటిని గుర్తించి చికిత్సకు పంపాలని చెబుతోంది. ఛత్తీస్‌గఢ్‌లో 2002లో మొదలైన మితానిన్‌లు ఇంటింటికీ వెళుతున్నారు. దేశమంతటి ఆశా కార్యకర్తల వ్యవస్థకు ఒరవడి అయినవారు వీరే. నయా రాయ్‌పూర్‌లోని శ్రీ సత్యసాయి సంజీవని ఆసుపత్రి పిల్లల గుండె శస్త్రచికిత్సలు ఉచితంగా చేస్తోంది. భిలాయ్ సెక్టార్ 9లో పరిశోధన కేంద్రం కూడా అయిన జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి ఉంది. చికిత్సకు దారులు ఉన్నాయి. పుట్టే ప్రతి బిడ్డలోని లోపాన్ని రకం వారీగా చేర్చే జాతీయ రిజిస్టర్ మాత్రం లేదు. చెన్నై కేంద్రంగా 2001లో మొదలైన ‘బర్త్ డిఫెక్ట్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియా’ ఆసుపత్రులు స్వచ్ఛందంగా పంపే వివరాల మీద ఆధారపడింది.

ప్లాంటు ఆసుపత్రి, దుర్గ్ జిల్లా ఆసుపత్రి, ప్రైవేటు నర్సింగ్ హోములు కలిస్తే దుర్గ్ జిల్లాకు ఒక రిజిస్టర్ సాధ్యమే. ప్రతి లోపాన్నీ అంతర్జాతీయ వ్యాధి వర్గీకరణ కోడ్‌తో రాయాలి. గర్భంలోనే చనిపోయిన శిశువులనూ, తీవ్ర లోపం వల్ల చట్టప్రకారం ముగించిన గర్భాలనూ చేర్చాలి, లేకపోతే తీవ్రమైన రకాలే లెక్క తప్పిపోతాయి. తొలి మూడు నెలల చిరునామా, పని, జ్వరం, మందులు, మధుమేహం గురించి తల్లులందరినీ అడగాలి. ఆరోగ్యవంతమైన బిడ్డల తల్లులనూ అవే ప్రశ్నలు అడగకపోతే గ్రహణం విషయంలో జరిగిన పొరపాటే పొగ విషయంలోనూ జరుగుతుంది. ఏడాదికోసారి, పేర్లు లేకుండా, ఆ లెక్కను అందరికీ తెలిసేలా ప్రకటించాలి.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. ఇలాంటి నమోదు కుటుంబాలకు మచ్చ తెస్తుందని, ఆడపిల్లల పెళ్లిళ్లకు అడ్డవుతుందని కొందరు భయపడతారు. ఆ భయం నిజమైనదే. అందుకే వివరాలు గోప్యంగా ఉండాలి. కానీ రాయనంత మాత్రాన మచ్చ పోవడం లేదు. రాతపూర్వక కారణం లేని చోట తల్లి చేసిన తప్పు అన్న మాటే మిగులుతోంది. లెక్క తేలితే కర్మాగారం పొగ నిర్దోషి కావచ్చు, దోషి కావచ్చు. రెండింటిలో ఏది తేలినా భిలాయ్‌కి అది తెలియాలి.

ఈలోగా మాట మార్చుకోవడానికి ఏ బడ్జెట్టూ అక్కర్లేదు. ఆసుపత్రి చీటీలో, అంగన్‌వాడీ పుస్తకంలో, ఇంటి మాటల్లో ‘పెదవి చీలిక’ అని రాస్తే, అంటే చాలు. ఆ బిడ్డ తల్లిని ఆ రోజు ఎక్కడ ఉన్నావని ఎవరూ అడగరు.